కర్చీఫ్ వేసిన సీట్లు: ఒక జపాన్ టీవీ ఛానల్ చరిత్రని గోడకెక్కించే పద్ధతి

మా ఇంట్లో భోజనాల బల్ల వెనక గోడకి ఏడడుగుల పొడవు కాగితం అతికించి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని రైల్వే టైంటేబుల్ అనుకుంటారు. "ఏమండీ, దాని వెనకాల గోడకి చెమ్మ పడుతోంది, ఎప్పుడు తీస్తారు?" అని మా ఆవిడ నెలకోసారి అడుగుతుంది. అది టీవీ అసాహి అనే జపాన్ ఛానల్ 1959 నుంచి ఏ వారం, ఏ వేళకి, ఏం చూపిస్తూ వచ్చిందో రాసుకున్న పటం. ఇంకా పూర్తి కాలేదు. అవుతుందని నేనూ అనుకోవడం లేదు.

మాది మదనపల్లె. బెంగళూరు పక్కన బిడదిలో ఒక ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు జపాన్ ఇంజనీర్లకీ మన ఆపరేటర్లకీ మధ్య నిలబడి దుబాసీ పని చేశాను. రిటైరయ్యాక రామ్మూర్తి నగర్‌లో ఉంటున్నాను. రెండేళ్ళ కిందట మా మనవరాలు తెలుగులో మాట్లాడే డోరేమాన్ చూస్తూ, "తాతా, టీవీలోకి డోరేమాన్ ముందొచ్చిందా, నింజా హత్తోరి ముందొచ్చాడా?" అని అడిగింది. జపాన్ సంగతులకి ఇంట్లో నేనే పెద్దదిక్కు కదా, ఆలోచించకుండా "హత్తోరి" అనేశాను. అది ఫోన్ తీసి నిమిషంలో తేల్చేసింది: డోరేమాన్ 1979, హత్తోరి 1981. పరువు పోయింది. ఆ పోయిన పరువు కోసం మొదలుపెట్టిన పని ఇది. ఎలా చేశానో, ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో చెబుతాను. మీరు ఫుజీ టీవీకి చేసుకున్నా, నిప్పాన్ టీవీకి చేసుకున్నా దారి ఇదే.

బస్సు కాదు, సీటు

మొదటి నెలంతా నేను చేసిన తప్పు, కార్యక్రమాల పేర్లు జాబితాగా రాసుకుంటూ పోవడం. మూడు వందల పేర్లు రాశాక చూస్తే అది పెళ్ళిలో చదివింపుల పుస్తకంలా ఉంది. ఎవరు ఎంత ఇచ్చారో తెలుస్తుంది, ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియదు.

ఛానల్ చరిత్ర కార్యక్రమాల్లో ఉండదు, స్లాట్లలో ఉంటుంది. మదనపల్లె బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టుకోవడం తెలుసు కదా. సరిగ్గా అలాగే, శుక్రవారం రాత్రి ఏడు అనేది ఒక సీటు. ఎవరో వచ్చి కూర్చుంటారు, దిగిపోతారు, ఇంకొకరు ఎక్కుతారు. ఆ సీటు కోసం ఎవరెవరు కొట్టుకున్నారు, ఎవరు లేవనని మొండికేశారు అన్నదే అసలు కథ. మన దూరదర్శన్‌నే చూడండి. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చింది. అది అయ్యాక 1988లో మహాభారతం కూడా ఆదివారం పొద్దునే వచ్చి కూర్చుంది. మా తరంవాళ్ళకి ఆ సీటే గుర్తు. జపాన్‌వాళ్ళు ఈ సీటుని 'వాకు' అంటారు. చట్రం అని అర్థం. పత్రికల్లో, ఛానల్ ఆఫీసుల్లో, మామూలు అభిమానుల నోట్లో కూడా అదే మాట.

కాబట్టి కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా స్లాట్లు పెట్టండి. బెంగళూరు అవెన్యూ రోడ్‌లో కాగితం చుట్టలు అమ్మే కొట్లున్నాయి, గ్రాఫ్ గళ్ళు ఉన్నది అడిగి తెచ్చుకోండి. నేను ఏడాదికి మూడు సెంటీమీటర్లు ఇచ్చాను. ఏడాదిని నాలుగు ముక్కలు చేయాలి. ఎందుకంటే జపాన్ టీవీ పదమూడు వారాల లెక్కన నడుస్తుంది. ఆ ముక్కని 'కూరు' అంటారు. డ్రామాలు చాలావరకు ఒక కూరులో ముగుస్తాయి. పెద్ద మార్పులు ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జరుగుతాయి. అక్కడ బడులూ, ఆఫీసుల లెక్కలూ ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి టీవీకి కూడా అదే ఉగాది. మీరు రాసుకున్న మొదటి తేదీ ఏ ఆగస్టు మధ్యలోనో పడితే ఇంకోసారి సరిచూసుకోండి.

అన్ని స్లాట్లూ పెట్టుకోవాలని ఆశపడకండి. పన్నెండు చాలు. నేను మొదట నలభై పెట్టి, కాగితం చాలక వంటింటి గోడ దాకా వెళ్ళాను. అక్కడ మా ఆవిడ ఆపింది.

ఏ ఛానల్?

టోక్యోలో ఛానళ్ళు పుట్టిన వరస ఇది. ఎన్‌హెచ్‌కే 1953 ఫిబ్రవరి 1, నిప్పాన్ టీవీ అదే ఏడాది ఆగస్టు 28, టీబీఎస్ 1955, ఇప్పటి టీవీ అసాహి 1959 ఫిబ్రవరి 1, ఫుజీ సరిగ్గా నెల తర్వాత మార్చి 1, టీవీ టోక్యో 1964. ఫుజీ చాలామందికి ఇష్టం. కానీ అక్కడ ఆదివారం సాయంత్రం ఆరున్నరకి 1969 అక్టోబర్‌లో సజాయె-సాన్ అనే ఇల్లాలి కార్టూన్ వచ్చి కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. ఆ వరసలో మీ పెన్సిల్‌కి పనే ఉండదు.

నేను టీవీ అసాహి పట్టుకోవడానికి కారణాలు రెండు. డోరేమాన్, షిన్‌చాన్, హత్తోరి ముగ్గురూ అక్కడివాళ్ళే. రెండోది, మీరు రైలుబడి చదివే ఉంటారు. రైలు పెట్టెల్లో బడి, ఆ బళ్ళో అల్లరి పిల్ల టొట్టోచాన్. ఆ పిల్లే పెద్దయి, తెత్సుకో కురోయానగి అనే పేరుతో 1976 ఫిబ్రవరి 2 నుంచి ఈ ఛానల్‌లో మధ్యాహ్నం పూట రోజుకొక అతిథితో మాట్లాడుతూ వచ్చింది. కార్యక్రమం పేరు 'తెత్సుకో గది'. ఒకే మనిషి అత్యధిక ఎపిసోడ్లు నడిపిన మాటల కార్యక్రమంగా గిన్నిస్‌లోకి ఎక్కింది. నా పటంలో అన్ని గీతలూ విరుగుతూ, ఒంకర్లు తిరుగుతూ పోతుంటే, ఈ ఒక్క గీత మాత్రం మా ఫ్రిజ్ దాకా తిన్నగా వెళ్తుంది.

ఇంకో మంచి సంగతి. ఈ ఛానల్ పుట్టుకే తమాషా. మొదటి పేరు నిహోన్ క్యోయికు తెరెబి, అంటే జపాన్ విద్యా టీవీ. పొట్టిగా ఎన్‌ఈటీ అనేవాళ్ళు, 'నెట్' అని చదివేవాళ్ళు. ప్రభుత్వం లైసెన్స్ ఇస్తూ పెట్టిన షరతు ఏమిటంటే, ప్రసారాల్లో సగానికి పైగా చదువు కార్యక్రమాలే ఉండాలి. ప్రకటనల మీద బతకాల్సిన ప్రైవేటు కంపెనీ పాఠాలు చెప్పి ఎన్నాళ్ళు బతుకుతుంది? 1959లోనే అమెరికా కౌబాయ్ సీరియల్ రాహైడ్ తెచ్చి పెట్టుకుంది. మరుసటి ఏడాది లారమీ. విద్యా టీవీలో గుర్రాలూ తుపాకులూ. మీ పటంలో మొదటి పదేళ్ళ గళ్ళు నింపేటప్పుడు బడి పాఠాల పక్కనే ఇవి వస్తుంటే మీరు తప్పు రాశారేమో అని టెన్షన్ పడకండి, సరిగ్గానే రాశారు. పొద్దుటి పూట కబుర్లూ వార్తలూ కలిపి వండే 'వైడ్ షో' అనే రకం కూడా 1964 ఏప్రిల్‌లో ఇక్కడే పుట్టింది. మామూలు ఛానల్‌గా లైసెన్స్ మారింది 1973 నవంబర్‌లో.

పేర్ల దగ్గర జాగ్రత్త. 1977 ఏప్రిల్ 1న టీవీ అసాహి అనే పిలుపు పేరు వచ్చింది. కంపెనీ పత్రాల్లో మాత్రం 2003 దాకా జెన్‌కోకు అసాహి హోసో అనే ఉంటుంది. నేను పాత కాగితాల్లో టీవీ అసాహి కోసం వెతికి, దొరక్క, రెండు వారాలు పోగొట్టుకున్నాను. కాండీ కాండీ అనే కార్టూన్ 1976 అక్టోబర్‌లో ఎన్‌ఈటీలో మొదలై 1979లో టీవీ అసాహిలో ముగిసింది. ఛానల్ మారలేదు, బోర్డు మారింది. ఇలాంటి చోట గీత తెంపకూడదు.

వారం, ఏడాది, గంట

జపనీస్ రాకపోయినా ఈ పని చేయవచ్చు. ఓ ముప్పై అక్షరాలు గుర్తుపడితే చాలు. మొదట వారాల పేర్లు. ఇవి తెలుగువాళ్ళకి చాలా తేలిక, ఎవరూ చెప్పరు గానీ. వాళ్ళ వారాలూ మన వారాల్లాగే గ్రహాల మీద నడుస్తాయి. సోమవారానికి చంద్రుడి అక్షరం. మంగళవారానికి నిప్పు, కుజుణ్ణి వాళ్ళు నిప్పు చుక్క అంటారు కాబట్టి. బుధుడు నీటి చుక్క, గురుడు చెట్టు చుక్క, శుక్రుడు బంగారు చుక్క, శని మట్టి చుక్క. ఆదివారానికి సూర్యుడు. ఇంతే. పంచాంగం తెలిసిన మా నాన్నగారైతే పది నిమిషాల్లో నేర్చుకునేవారు. ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే 'బంగారం 7:00', 'మట్టి 7:30' అని రావచ్చు. శుక్రవారం ఏడు, శనివారం ఏడున్నర అని రాసుకోండి.

తర్వాత ఏళ్ళు. పాత పత్రికలు రాజుల కాలం లెక్కలో ఉంటాయి. షోవా సంవత్సరానికి 1925 కలపాలి, హేసేకి 1988, రేవాకి 2018. షోవా 50 అంటే 1975. ఇది గోడ మీద పెద్దగా రాసిపెట్టుకోండి. నేను మనసులోనే లెక్కేస్తూ ఒక రాత్రంతా 1926 కలుపుతూ పోయాను. తెల్లారి చూస్తే పద్దెనిమిది గళ్ళు ఒక ఏడాది ముందుకి జరిగి ఉన్నాయి.

గంటల విషయంలో ఇంకా పెద్ద దెబ్బ తిన్నాను. జపాన్ టీవీ పట్టికల్లో రోజు రాత్రి పన్నెండుకి ముగియదు. 24:30, 25:20, 28:00 అని పోతూనే ఉంటుంది. మొదటిసారి చూసి అచ్చు తప్పు అనుకున్నాను. కాదు, శుక్రవారం 25:20 అంటే శనివారం తెల్లవారుజామున 1:20. మేలుకుని చూసేవాడికి అది ఇంకా శుక్రవారం రాత్రే కదా, వాడి లెక్కకి పట్టిక లొంగింది. మనవాళ్ళకి సూర్యోదయం దాకా వారం మారదన్నట్టు. 1987 ఏప్రిల్‌లో టీవీ అసాహిలో 'తెల్లారేదాకా లైవ్' అని అర్థం వచ్చే పేరుతో ఒక చర్చా కార్యక్రమం మొదలైంది. సోయిచిరో తహారా అనే పాత్రికేయుడు నడిపేవాడు. నెలాఖరు శుక్రవారం అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి నిజంగానే కోడి కూసేదాకా వాదించుకునేవాళ్ళు. దాన్ని పటంలో శుక్రవారం వరసలోనే రాయండి. శనివారంలో రాస్తే పద్ధతిగా ఉంటుంది గానీ, ఛానల్ మనసు అర్థం కాదు.

సరిగ్గా గంటకి కాకుండా యాభై నాలుగో నిమిషానికి మొదలయ్యే కార్యక్రమాలు చూసి కూడా ఆగిపోకండి. ఇప్పటి రాత్రి వార్తలు 9:54కి మొదలవుతాయి. అవతలి ఛానళ్ళు పదింటి కార్యక్రమం మొదలుపెట్టేలోపే మనిషిని లాక్కోవడం. అవెన్యూ రోడ్‌లో కొట్టువాడు మెట్ల దాకా వచ్చి పిలిచినట్టు.

గొలుసు పట్టుకోవడం

ఇప్పుడు అసలు పని. జపనీస్ వికీపీడియాలో ఒక్కో కార్యక్రమం పేజీ కిందికి దిగితే చిన్న పట్టిక ఉంటుంది. మూడు గళ్ళు. ఇదే స్లాట్లో దీనికి ముందు ఏముంది, ఇది, దీని తర్వాత ఏముంది. పైన ఛానల్ పేరు, వారం, వేళ. నేను చెప్పిన సీటు చరిత్ర అక్కడ రెడీగా ఉంది. ఒక కార్యక్రమంతో మొదలుపెట్టి 'ముందు' మీద నొక్కుతూ పోతే 1959 దాకా వెళ్తారు, 'తర్వాత' మీద నొక్కుతూ పోతే ఈ ఏడాదికి వస్తారు. ఇంగ్లీషు పేజీల్లో ఈ గొలుసు సరిగా ఉండదు, జపనీస్ పేజీలోకే వెళ్ళండి.

ఒక్కో అంగుళం పెన్సిల్‌తోనే రాయండి. అభిమానులు రాసిన పేజీలు కాబట్టి తప్పులుంటాయి. సరిచూసుకోవడానికి ఆనాటి పత్రిక చివరి పేజీ కావాలి. అక్కడ రోజూ టీవీ పట్టిక వేస్తారు, 'రాతె-రాన్' అంటారు. పెద్ద పత్రికలు నెల పత్రికలన్నీ చిన్న అచ్చులో పుస్తకంగా కుట్టి అమ్ముతాయి, జపాన్ గ్రంథాలయాల్లో ఉంటాయి. నాకు నగోయాలో ఉన్న పాత సహోద్యోగి ఒకాయన ఫోటోలు తీసి పంపిస్తాడు. బదులుగా నేను కాఫీ పొడి పంపిస్తాను. మీకెవరైనా యొకోహామా వెళ్ళేవాళ్ళుంటే అక్కడ ప్రసార గ్రంథాలయం ఉంది. పాత కార్యక్రమాలు ఊరికే కూర్చుని చూడవచ్చు, డబ్బులడగరు.

పట్టికలో కార్యక్రమం పక్కన గడి కట్టిన ఒక్క అక్షరం ఉంటుంది. ఎడమవైపు చెట్టు, కుడివైపు గొడ్డలి ఉన్నట్టు కనిపిస్తే 'కొత్తది'. మీ గీత అక్కడ మొదలవుతుంది. దారం పక్కన చలికాలం అక్షరం ఉంటే 'ఆఖరు'. గీత అక్కడ ఆగుతుంది. పై గీత కింద నిచ్చెన ఇరికించినట్టు ఉంటే 'మళ్ళీ వేసినది', అంటే పునఃప్రసారం. అది పటంలోకి ఎక్కకూడదు. ఇంటి కప్పు కింద బిడ్డ ఉంటే అక్షరం అని అర్థం, తెర మీద మాటలు పడతాయన్నమాట. మనకి దానితో పని లేదు. నేను రెండో దాన్నీ మూడో దాన్నీ కలగాపులగం చేసి, చచ్చిన సీరియళ్ళని మూడేసి ఏళ్ళు బతికించాను.

1975లో పేగు మెలి

గొలుసు పట్టుకుని పోతుంటే ఒకచోట చేతికి ముడి తగులుతుంది. దాన్ని తొందరపడి విప్పకండి, కాసేపు కూర్చోండి. నా రెండేళ్ళలో నాకు బాగా నచ్చిన వారం అదే.

1971 ఏప్రిల్‌లో ఎన్‌ఈటీలో శనివారం రాత్రి ఏడున్నరకి మాస్క్ రైడర్ మొదలైంది. జపాన్‌లో కామెన్ రైడర్ అంటారు. మిడత ముఖం, మోటార్ సైకిల్. పిల్లలు వెర్రెత్తిపోయారు. ఒక రైడర్ పోయి ఇంకో రైడర్, నాలుగేళ్ళు అదే సీటు. 1975 మార్చి ఆఖరులో గొలుసు పుటుక్కున తెగుతుంది. ఏప్రిల్ 5న కొత్త రైడర్ వచ్చాడు గానీ ఎన్‌ఈటీలో కాదు, పోటీ ఛానల్ టీబీఎస్‌లో, అరగంట ముందు ఏడింటికి. అంత బాగా ఆడుతున్నదాన్ని ఎవరైనా పక్కింటివాడికి ఇచ్చేస్తారా? నేను వికీపీడియాలో తప్పు పడిందనుకుని నాలుగు రోజులు పక్కనబెట్టాను.

ఫ్యాక్టరీలో మాతో పనిచేసి వెళ్ళిపోయిన ఒసాకా ఇంజనీర్ ఒకాయన ఉన్నాడు. అప్పట్లో ఆయన పిల్లవాడు. వీడియో కాల్‌లో అడిగితే నవ్వి, "మా ఇంట్లో రైడర్ ఎక్కడికీ పోలేదు. ఎప్పుడూ నాలుగో నంబర్లోనే చూశాం" అన్నాడు. అప్పుడు వెలిగింది బల్బు. రైడర్‌ని చూపిస్తున్నది టోక్యో ఛానల్ అయినా, ఆ స్లాట్ ఒసాకాలో ఉన్న మైనిచి బ్రాడ్‌కాస్టింగ్ అనే స్టేషన్ చేతిలో ఉంది. జపాన్‌లో ప్రైవేటు కంపెనీ ఏదీ తానొక్కటే దేశమంతా చూపించదు. టోక్యో స్టేషన్ కార్యక్రమాల్ని ఊరూరా వేరే వేరే కంపెనీలు కలిసి పంచుకుంటాయి. ఒసాకావాళ్ళు తయారు చేసినవి టోక్యో తీసుకుంటుంది.

చిక్కెక్కడంటే, ఈ స్టేషన్ల వెనక పత్రికలున్నాయి. అసాహి పత్రికకి దగ్గరైన ఒసాకా స్టేషన్ పోయి టీబీఎస్‌తో పొత్తు పెట్టుకుంది. మైనిచి పత్రికకి దగ్గరైన ఒసాకా స్టేషన్ ఎన్‌ఈటీతో పెట్టుకుంది. వియ్యం అటుది ఇటు, ఇటుది అటు. జపాన్‌లో దీన్ని పేగు మెలిపడటం అని పిలిచేవాళ్ళు. 1975 మార్చి 31న ఆ మెలి విప్పారు. ఒసాకాలోని రెండు స్టేషన్లూ జతలు మార్చుకున్నాయి. మైనిచి స్టేషన్ టీబీఎస్ వైపు వెళ్తూ రైడర్‌ని కూడా చంకనెత్తుకుని వెళ్ళింది. ఒసాకా పిల్లలకి నాలుగో నంబర్ నాలుగులానే ఉంది. టోక్యో పిల్లలు మాత్రం పదో నంబర్ తిప్పితే రైడర్ లేడు, ఆరులోకి వెళ్ళిపోయాడు.

మరి ఎన్‌ఈటీలో శనివారం ఏడున్నర ఖాళీ సీటు సంగతి? మీరు రైడర్ వెంట టీబీఎస్‌కి పోతే ఇది మీకు కనిపించదు. సీటు దగ్గరే నిలబడితే కనిపిస్తుంది. అదే 1975 ఏప్రిల్ 5న ఆ ఖాళీలో గోరేంజర్ వచ్చి కూర్చుంది. ఒక వీరుడు పోతే ఐదుగురు. ఐదు రంగులు. ఆ వరస సూపర్ సెంటాయ్ అయి, 1993లో అమెరికావాళ్ళు అందులోని బొమ్మలూ పోరాటాలూ కొనుక్కుని పవర్ రేంజర్స్ చేస్తే, అది మన ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. మా అబ్బాయి ఎర్ర బనియన్ వేసుకుని గోడలు దూకింది ఆ పుణ్యమే.

అదే మెలి ఇంకోవైపు లాగండి. అసాహి వైపు ఒసాకా స్టేషన్ ఎన్‌ఈటీకి వస్తూ తన హిస్సాత్సు అనే హంతకుల చారిత్రక డ్రామాని తెచ్చింది. కథ సగంలో ఉండగానే టీబీఎస్ శనివారం నుంచి ఎన్‌ఈటీ శుక్రవారం రాత్రి పదికి మారింది. ఆ సంగతి అక్కడితో అయిపోయింది అనుకున్నాను. కానీ పదేళ్ళ తర్వాత 1985 అక్టోబర్ 7న టీవీ అసాహి పెద్ద సాహసం చేసింది. రోజూ రాత్రి పదింటికి, జనం డ్రామా చూసే వేళకి, హిరోషి కుమె అనే ఆయనతో న్యూస్ స్టేషన్ అనే వార్తల కార్యక్రమం పెట్టింది. సోమ, మంగళ, బుధ, గురు నాలుగు గళ్ళూ ఒకేసారి వార్తలైపోయాయి. శుక్రవారం గడి దగ్గర మాత్రం నా పెన్సిల్ ఆగింది. వార్తలు మొదట్లో పదకొండుకి. ఎందుకంటే పదింటికి హిస్సాత్సు కూర్చుని ఉంది, లేవలేదు. 1975లో ఒసాకావాళ్ళు వేసిన కర్చీఫ్ అది.

ఆ రాత్రి పదకొండున్నరకి మా ఆవిణ్ణి లేపి చూపించాను. ఆవిడ ఏమందో ఇక్కడ అనవసరం.

కొన్ని చిన్న చిన్న సంగతులు

డోరేమాన్‌ని ఒక గీతగా గీయకండి. 1973లో ఆరు నెలలు నిప్పాన్ టీవీలో వచ్చి ఆగిపోయింది. అది ఈ పటంలోకి రాదు. 1979 ఏప్రిల్ 2న టీవీ అసాహిలో మొదలైనప్పుడు టోక్యో వైపు సోమవారం నుంచి శనివారం దాకా రోజూ ఏడుకి పది నిమిషాల ముందు, పదే నిమిషాలు. రాత్రి అన్నం ముందు నంజుకోవడానికన్నట్టు. 1981 అక్టోబర్‌లో శుక్రవారం ఏడింటికి వచ్చి 2019 దాకా కదల్లేదు. ఆ అక్టోబర్ 5 నుంచి శనివారం సాయంత్రం ఐదు. షిన్‌చాన్ 1992 ఏప్రిల్ 13న సోమవారం వచ్చాడు, 1996లో శుక్రవారం డోరేమాన్ వెనక చేరాడు, 2019లో దానితోపాటే శనివారానికి నడిచాడు. గోరేంజర్ వంశం కూడా స్థిరంగా లేదు. మధ్యలో ఏడాదికి పైగా ఆగింది, శనివారం ఆరుకి తిరిగొచ్చింది, 1989లో శుక్రవారం సాయంత్రానికి, 1997లో ఆదివారం పొద్దుటికి వెళ్ళింది. ఇలా సీటు మారినవాటికి రంగు పెన్సిల్‌తో బాణం గీస్తే తర్వాత వెతుక్కోవక్కర్లేదు.

రేటింగులు రాయకండి. అవి టోక్యో చుట్టుపక్కల ఇళ్ళ లెక్క, దేశం లెక్క కాదు. గడి నిండిపోతుంది, చూపు చెదురుతుంది.

ఛానల్ నంబరు చూసి మోసపోకండి. డిజిటల్ రాకముందు టోక్యోలో టీవీ అసాహి పదో నంబర్, ఇప్పుడు ఐదు. పాత ఉత్తరాల్లో 'పదిలో చూశాం' అని ఉంటే అది ఇదే.

వేసినవే కాకుండా, వేస్తామని చెప్పి వేయనివి కూడా చుక్కల గీతతో గుర్తుపెట్టండి. 1980 మాస్కో ఒలింపిక్స్ ప్రసార హక్కులు జపాన్‌లో టీవీ అసాహి ఒక్కటే కొనుక్కుంది. చాలా డబ్బు. తీరా చూస్తే జపాన్ ఆ ఆటల్ని బహిష్కరించింది. తమ ఆటగాళ్ళే లేని ఒలింపిక్స్ ఎవరు చూస్తారు? వేద్దామనుకున్న గంటల్ని బాగా కోసేశారు. మనం మాత్రం ఆ మాస్కోలోనే హాకీ బంగారం తెచ్చుకున్నాం. నా పటంలో ఆ జూలై గళ్ళ మీద చుక్కలే ఉన్నాయి.

ఇక హత్తోరి. ఆర్నెల్ల కిందట 1966 గళ్ళు నింపుతున్నాను. ఆ కాలం గళ్ళు చిరాకు, అన్నీ సగం సగం దొరుకుతాయి. ఏప్రిల్ దగ్గర గొలుసులో 'నింజా హత్తోరి-కున్' అని తగిలింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉంది. ఎన్‌ఈటీలోనే, నలుపు తెలుపులో. కార్టూన్ కాదు, హత్తోరి ముఖం బొమ్మ తలలా తగిలించుకుని మనుషులే నటించినది. 1979 కంటే పదమూడేళ్ళు ముందు, నిప్పాన్ టీవీ డోరేమాన్ కంటే కూడా ఏడేళ్ళు ముందు.

బడి నుంచి రాగానే మనవరాల్ని గోడ దగ్గర నిలబెట్టి వేలు పెట్టి చూపించాను. అది చాలాసేపు చూసింది.

"తాతా, ఇందులో హత్తోరి మనిషే కదా. నేనడిగింది బొమ్మ హత్తోరి గురించి."

"నువ్వడిగింది టీవీలోకి ఎవరు ముందొచ్చారని."

"బొమ్మలో అనే నా అర్థం."

పెన్సిల్ డబ్బాలోంచి ఎర్రది తీసి 1966 గడి మీద ప్రశ్నార్థకం గీసేసి అన్నానికి వెళ్ళిపోయింది. దాన్ని నేను చెరపలేదు. పెన్నుతో 'ఏప్రిల్' అని మాత్రం పక్కన రాశాను.